40 లక్షల ప్యాకేజీలో 1.20 లక్షలు నెలనెలా ఎటు పోతున్నాయి?

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2025 ఏప్రిల్‌లో 40 లక్షల సీటీసీతో (కంపెనీ నా మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) చేరాను, ఐదేళ్లలో ఇది మూడో కంపెనీ. నెలకు 3.33 లక్షలు అనుకుంటే అకౌంట్లో పడేది 2.13 లక్షలే. మణికొండలో సొంత ఫ్లాట్, అందులోనే ఉంటున్నాం, ఈఎంఐ 1.10 లక్షలు. జీతమంతా ట్యాక్సుకే పోతోందా? పాత ట్యాక్సు పద్ధతికి మారితే ఏమైనా మిగులుతుందా?

జవాబు: మీ ఆఫర్ లెటర్, పేస్లిప్ పక్కపక్కన పెట్టుకుని చూశాను. నెలకు 1.20 లక్షలు తగ్గుతున్న మాట నిజమే, కానీ అందులో ట్యాక్సు 48,257 రూపాయలే. మిగతా 72 వేలకు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లను తిట్టుకుని లాభం లేదు.

ఆ 40 లక్షల్లో 4 లక్షలు వేరియబుల్ పే. ఏడాది చివర్లో రేటింగ్ చూసి ఇస్తారు, ఎంతిస్తారో అప్పటిదాకా తెలీదు, దాన్ని కూడా పన్నెండుతో భాగించేసి ఈఎంఐకి ఒప్పుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. బేసిక్ (మూల వేతనం) 16 లక్షలు కాబట్టి కంపెనీ వాటా పీఎఫ్ 1.92 లక్షలు, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) పేరుతో 76,960 కూడా సీటీసీలోనే కలిపేశారు. గ్రాట్యుటీ రావాలంటే మామూలుగా ఐదేళ్లు ఉండాలి, మీ స్పీడుకు అది కాగితం మీది డబ్బే.

ఇవన్నీ తీసేస్తే అసలు గ్రాస్ 33.31 లక్షలు, నెలకు 2,77,587. ఇందులోంచి మీ వాటా పీఎఫ్ 16,000, వృత్తి పన్ను 200, పైన చెప్పిన ట్యాక్సు పోగా 2.13 లక్షలు. పీఎఫ్‌లో రెండు వాటాలూ కలిపి నెలకు 32 వేలు మీ పేరు మీదే పడుతున్నాయి, 2024-25కి 8.25 శాతం వడ్డీ కూడా ఇచ్చారు, కాబట్టి దాన్ని పోయిన డబ్బుగా చూడకండి.

'30 శాతం స్లాబు' అనగానే మొత్తం జీతం మీద పడుతుందని భయపడతారు. మీరిప్పుడున్న కొత్త పద్ధతిలో 24 లక్షల దాకా పన్ను 3 లక్షలే, 30 శాతం ఆ పైన ఉన్నదానికే. స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లకు లెక్కలేవీ చూపకుండానే ఇచ్చే మినహాయింపు) 75 వేలు తీశాక మీకు సెస్‌తో (పన్ను మీద అదనంగా వేసేది) కలిపి ఏడాదికి 5.79 లక్షలు, అంటే గ్రాస్‌లో 17 శాతం చిల్లర. కాకపోతే వేరియబుల్ పడిన నెలలో మాత్రం గట్టిగా తగులుతుంది: 4 లక్షలూ ఇచ్చినా సెస్‌తో కలిపి 31.2 శాతం పోయి చేతికి 2.75 లక్షలే.

పాత పద్ధతి మీకు దండగ. మీ జీతానికి అది లాభించాలంటే స్టాండర్డ్ డిడక్షన్ కాక 8 లక్షలకు పైగా మినహాయింపులు చూపించాలి. మీకున్నవి పీఎఫ్ లాంటి పొదుపులకు 80సీ కింద 1.5 లక్షలు, ఇంటి వడ్డీ 2 లక్షలు, హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే ఇంకో 25 వేలు. సొంతింట్లో ఉంటున్నారు కాబట్టి హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) మినహాయింపు సున్నా.

కంపెనీ ద్వారా ఎన్‌పీఎస్ (పెన్షన్ పథకం) పెట్టించుకుంటే బేసిక్‌లో 14 శాతం దాకా కొత్త పద్ధతిలోనూ మినహాయింపే, ఏడాదికి దాదాపు 70 వేల ట్యాక్సు తగ్గుతుంది. కానీ చేతికొచ్చేది నెలకు ఇంకో 12,800 తగ్గిపోతుంది, పైగా ఆ డబ్బు చాలా ఏళ్లు ఇరుక్కుపోతుంది. 2.13లో 1.10 ఈఎంఐకే పోతున్న ఇంట్లో ఇప్పుడే వద్దంటాను. ముందు ఆరు నెలల ఈఎంఐ పక్కన పెట్టుకోండి, ఈసారి వేరియబుల్ పడితే కారు షోరూమ్ వైపు పోకుండా దాంతోనే మొదలుపెట్టండి.