వాడు రాత్రిపూట రెండుసార్లు ఎందుకు తింటున్నాడు?

జడ్చర్ల దగ్గరి ఒక ఊరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. కుదించి ఇస్తున్నాను.

"మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. మా ఆయన పుణెలో బిల్డింగ్ పనుల దగ్గర సూపర్‌వైజర్. పండుగలకే వస్తాడు. ఇంట్లో నేను, బాబు, మా అత్తమ్మ ఉంటాం. మా తమ్ముడి పెండ్లిలో మా తల్లిగారు పెట్టిన చీరను అత్తమ్మ నలుగురిలో విసిరికొట్టింది. అప్పటి నుంచి మాకు మాటల్లేవు, పొయ్యిలు కూడా వేరయినయి. ఈ మధ్య బాబు బడిలో పిల్లల్ని కొడుతున్నాడు. మొన్న ఒక పిల్లాడు 'వాడితో నేను కటీఫ్ అని చెప్పి రాపో' అన్నందుకు కంపాస్ బాక్సుతో కొట్టాడట. ఆ పిల్లాడి కనుబొమ్మ చిట్లింది. అంత చిన్న మాటకు ఎవరన్నా కొడతారా? సార్ గోడకుర్చీ వేయించాడు. పొద్దున లేస్తే కడుపునొప్పి అంటాడు. తిండి కూడా ఎక్కువైంది. నా దగ్గర తిని, మళ్లీ పోయి నాయనమ్మ దగ్గర తింటాడు. వీడికి సోషల్ ఎమోషనల్ లెర్నింగ్ కావాలని హెచ్ఎం మేడం అంటున్నారు. హైదరాబాద్‌లో దానికి సమ్మర్ క్యాంపు ఉందట. లేకపోతే గురుకులం పరీక్ష రాయించి ఐదో తరగతికి హాస్టల్‌లో వేద్దామా? ఏది మంచిది?"

అమ్మా, రెండూ వద్దు. క్యాంపు డబ్బులు దగ్గర పెట్టుకోండి. గురుకులాల మీద నాకు గౌరవం ఉంది, అక్కడ చదివి బాగుపడ్డ పిల్లలు మన పాలమూరులో ఎందరో ఉన్నారు. కానీ ఇప్పుడు పంపితే, కొట్టినందుకు ఇంట్లో నుంచి పంపేశారనే వాడు అనుకుంటాడు. ఐదులో చేరకపోతే దారి మూసుకుపోదు. ఖాళీలను బట్టి ఆరు నుంచి తొమ్మిది దాకా కూడా ప్రవేశాలు ఉంటాయి. ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ముందుకు పోనివ్వనిది ఆ తిండి మాట. మీరు దాన్ని వాడి తప్పుల లెక్కలో రాశారు. నాకు అది తప్పుగా కనబడలేదు, ఆకలిగా కూడా కనబడలేదు. మీ దగ్గర తినకపోతే మీరు చిన్నబుచ్చుకుంటారు. నాయనమ్మ దగ్గర తినకపోతే ఆమె 'అమ్మ చెప్పిందా తినొద్దని' అంటుంది. కడుపు నిండినా ఇంకో కంచం ముందు కూర్చుని, నాయనమ్మ చూస్తుండగా ముద్ద మింగుతున్నాడు ఆ పిల్లవాడు. ఇద్దరిలో ఎవరినీ నొప్పించకూడదని తొమ్మిదేళ్ల వాడు తనకు తానుగా కనిపెట్టుకున్న ఉపాయం అది.

మాటల్లేని ఇంట్లో పనులు ఎట్లా నడుస్తాయో మీరు రాయలేదు. రాయకపోయినా నాకు తెలుసు, ఇట్లాంటి ఇళ్లు చాలా చూశాను. 'మీ అమ్మకు చెప్పుర, నల్లా వచ్చిందని.' 'మీ నాయనమ్మను అడుగు, పింఛన్ తెచ్చుకుందా అని.' పుణె నుంచి వీడియో కాల్ వస్తే ఫోన్ ఎవరి దగ్గరికి ముందు తీసుకుపోవాలో కూడా వాడే తేల్చుకోవాలి. ఇప్పుడు ఆ కటీఫ్ మాట ఇంకోసారి చదవండి. ఇంట్లో పొద్దస్తమానం మోసే బరువునే బడిలో కూడా ఇంకొకడు నెత్తిన పెట్టబోయాడు. మీ మీద, నాయనమ్మ మీద చెయ్యెత్తలేడు కదా, వాడి మీద ఎత్తాడు. కొట్టడం తప్పే. కానీ వాడు కొట్టింది చిన్న మాటకు మాత్రం కాదు.

మేడం చెప్పిన ఆ సోషల్ ఎమోషనల్ లెర్నింగ్ ఉత్తదేం కాదు. 1994లో అమెరికాలో కొందరు కలిసి దానికి ఆ పేరు పెట్టి పని మొదలుపెట్టారు. తన మనసు తాను తెలుసుకోవడం, దాన్ని అదుపులో పెట్టుకోవడం, ఎదుటివాళ్ల బాధ గుర్తించడం, నలుగురితో మెలగడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం అని ఐదు విషయాలు నేర్పుతారు. 213 కార్యక్రమాల ఫలితాలు కలిపి 2011లో చూస్తే, అట్లా నేర్చుకున్న పిల్లలు చదువులో కూడా సగటున 11 పర్సంటైల్, అంటే వందమంది వరుసలో పదకొండు స్థానాలు, ముందున్నారు. మన 2020 జాతీయ విద్యా విధానంలో కూడా ఆ ప్రస్తావన ఉంది. బడిలో నేర్పితే సంతోషం, నేర్పనివ్వండి. కానీ ఆ ఐదింట్లో మూడోది మీవాడికి వయసుకు మించి ఉంది. ఇద్దరు పెద్దవాళ్ల మొఖాలు చూసి నడుచుకుంటున్నాడు. వాడికి లేనిది మొదటిది. 'నాకు కష్టంగా ఉంది' అని ఆ ఇంట్లో ఎవరితో చెప్పాలి? మీకు చెబితే నాయనమ్మ మీద చాడీ, ఆమెకు చెబితే మీ మీద చాడీ.

అందుకే నేను మాట్లాడేది మీ గురించీ మీ అత్తమ్మ గురించీ. చీర విసిరికొట్టడం పెద్ద తప్పు. మీ తల్లిగారి పరువు మీ పరువే, ఆ మాట మీద నాకు రెండో అభిప్రాయం లేదు. మీరు లొంగిపోవాలని, కాళ్లు పట్టుకోవాలని నేను చెప్పను. ఎవరు చెప్పినా వినకండి. కానీ ఆత్మగౌరవం ఉన్న మనిషి తన మాట తానే చెప్తుంది, పిల్లాడితో పంపదు. 'ఆ రోజు మీరు చేసింది నాకు ఇంకా మండుతనే ఉంది' అని ఎదురుగా నిలబడి అనండి. అది గొడవ అయినా సరే, ఇద్దరు పెద్దవాళ్ల మధ్య అవుతుంది.

అంత ధైర్యం ఇప్పుడే రాకపోతే చిన్నగా మొదలుపెట్టండి. రేపు పొద్దున బిందె పట్టుకుని మీరే పోయి 'అత్తమ్మా, నల్లా వచ్చింది' అనండి. జవాబు రాకపోవచ్చు. ఎల్లుండి కూడా అనండి. వాడు వింటాడు, అది చాలు. పొయ్యిలు ఇంకొన్నాళ్లు వేరుగానే ఉండనివ్వండి. ఆమె వాడి చేత ఏదైనా చెప్పించబోతే, వాడిని తిట్టకుండా మీరే లేచి పోయి 'ఏంది అత్తమ్మా' అని అడగండి. మీ ఆయనతో మీ సంగతి మీ ఫోన్‌లో, వాడు లేనప్పుడు మాట్లాడుకోండి. తన తల్లితో తాను మాట్లాడాల్సిన మాటలు ఆయనకూ ఉన్నాయి.

వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి: 'మాది పెద్దోళ్ల పంచాయితీ. నీ వల్ల రాలేదు, నువ్వు తీర్చాల్సిన పని లేదు. ఇయ్యాల నాయనమ్మ దగ్గర తిను, నాకేం కోపం రాదు.' ఈ ఆఖరి మాట మొదటిసారి వాడు నమ్మడు. వాడు తినొచ్చాక మీ మొఖం చూస్తాడు. అప్పుడు మీ మొఖం ఎట్లుందన్నదే వాడికి అసలు జవాబు.

గోడకుర్చీ సంగతి మేడంతో గట్టిగా మాట్లాడండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లలకు శారీరక శిక్ష వేయడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. కడుపునొప్పి టెన్షన్ వల్ల కావచ్చు, అయినా ఒకసారి డాక్టర్‌కు చూపించండి. ఇంట్లో మాటలు మొదలయ్యాక కూడా కొట్టడం తగ్గకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఉత్తరం మొత్తం మీద ఆ దెబ్బ తిన్న పిల్లాడు ఎట్లున్నాడో ఒక్క ముక్క లేదు. ఈ ఆదివారం బాబును తీసుకుని వాళ్లింటికి పోండి. ముందు ఆ తల్లితో మీరు మాట్లాడండి, క్షమించమని మీ నోటితో అడగండి. వాడు చూసి తర్వాత తన మాటల్లో చెప్తాడు. పోయేటప్పుడు అత్తమ్మను కూడా రమ్మని అడగండి, బాబుతో చెప్పించకుండా మీరే. రానంటే మీరిద్దరే పోండి.