పక్క వీధి ఇంటికి 6,20,000, మా ఇంటికి 6,68,000: ప్రొటెస్ట్ చేయవచ్చా?

ప్రశ్న: మేం 2025 మే నెలలో డాలస్‌కు ఉత్తరాన ఒక కొత్త కాలనీలో బిల్డర్ దగ్గర ఇల్లు కొన్నాం. ధర 6,15,000 డాలర్లు. మొన్న కౌంటీ అప్రైజల్ ఆఫీసు నుంచి 2026కి నోటీసు వచ్చింది. మార్కెట్ విలువ 6,68,000 అని వేశారు. అదే బిల్డర్ కట్టిన, అదే ఫ్లోర్ ప్లాన్ ఉన్న పక్క వీధి ఇంటికి 6,20,000 మాత్రమే ఉంది. పోయినేడు మాకు టాక్స్ చాలా తక్కువే వచ్చింది, ఇప్పుడు ఒక్కసారిగా ఇంత అనేసరికి టెన్షన్‌గా ఉంది. ప్రొటెస్ట్ చేద్దామంటే మావారు ఒప్పుకోవడం లేదు. "మనం హెచ్1బి మీద ఉన్నాం, గవర్నమెంటుతో గొడవ ఎందుకు, కదిలిస్తే ఇంకా పెంచుతారు" అంటున్నారు. చేయవచ్చా? మేమే చేసుకోవాలా, ఏజెంటుకి ఇవ్వాలా?
- ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: అమ్మా, ముందు మీవారి భయం సంగతి చూద్దాం. ప్రొటెస్ట్ అనగానే మనకు ధర్నాలు, జెండాలు గుర్తొస్తాయి. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. "నా ఇంటికి మీరు కట్టిన విలువ నాకు సమ్మతం కాదు, మళ్లీ చూడండి" అని ఇచ్చే అర్జీ అది. ఆ హక్కు టెక్సస్ టాక్స్ కోడ్ ఇచ్చింది. ఫీజు లేదు. వీసాకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మీ హెచ్1బి ఎక్స్‌టెన్షన్‌కు గానీ, గ్రీన్‌కార్డుకు గానీ దీనివల్ల ఇబ్బంది రాదు. కదిలిస్తే పెంచుతారన్న మాటకు కూడా ఇప్పుడు కాలం చెల్లింది. 2019లో చట్టం మార్చారు. ఇలాంటి అర్జీలు విని విలువ తేల్చే రివ్యూ బోర్డు మీ ప్రొటెస్ట్ విన్నాక, మీరే అడిగి ఒప్పుకుంటే తప్ప, రికార్డులో ఉన్న విలువకు మించి ఖాయం చేయకూడదు. కాబట్టి మీరూ మీవారూ వాదించుకోకుండా ఈ పని మొదలుపెట్టండి.

గడువు మే 15. నోటీసు మీకు పంపిన తేదీ నుంచి 30 రోజులు అది దాటాక పూర్తయితే ఆ తేదీ. రెండింట్లో ఏది తరవాత వస్తే అది మీ గడువు, నోటీసు మీదే రాసి ఉంటుంది. దాన్ని దాటనివ్వకండి. సాక్ష్యాలన్నీ సిద్ధమయ్యాక వేద్దాం అని ఆగి గడువు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఏడూ నా దగ్గరికి వస్తారు, వాళ్లకు ఏమీ చేయలేక బాధపడతాను. అర్జీ ఈ రాత్రే ఆన్‌లైన్‌లో వేయండి. కాగితాలు తరవాత చూసుకోవచ్చు. అర్జీలో కారణం అడుగుతారు. మార్కెట్ విలువ కంటే ఎక్కువ వేశారన్నది ఒకటి, మిగతా ఇళ్లతో పోలిస్తే సమానంగా లేదన్నది రెండోది. ఈ రెండూ పడేలా చూసుకోండి. ఒకటే పెడితే రెండో దారి మూసుకుపోతుంది. ఇంకో మాట: ఫ్రిస్కో లాంటి ఊరు కాలిన్, డెంటన్ రెండు కౌంటీల్లోనూ ఉంది. మీ నోటీసు ఏ కౌంటీ నుంచి వచ్చిందో చూసి ఆ వెబ్‌సైట్‌లోనే వేయండి.

పోయినేడు టాక్స్ ఎందుకు తక్కువ వచ్చిందో చెబుతాను. ఇక్కడ ఏ ఏటి విలువైనా ఆ ఏడాది జనవరి 1న ఉన్న స్థితిని బట్టి కడతారు. 2025 జనవరి 1 నాటికి మీ ఇల్లు పునాది, చట్రం దశలో ఉండి ఉంటుంది. అందుకే స్థలానికీ, సగం కట్టడానికీ మాత్రమే టాక్స్ పడింది. మీ బ్యాంకు దాన్ని బట్టే ఎస్క్రో (టాక్స్ కోసం బ్యాంకు మీ దగ్గర నెలనెలా తీసి పక్కన పెట్టే సొమ్ము) లెక్క వేసి ఉంటే, వచ్చే ఏడాది మీరు నెలనెలా కట్టే సొమ్ము బాగా పెరుగుతుంది. ప్రొటెస్ట్ గెలిచినా ఈ పెరుగుదల కొంత తప్పదు. బ్యాంకుకు ఫోన్ చేసి ఇప్పటినుంచే ఎస్క్రోలో కొంత అదనంగా వేస్తామని చెప్పండి.

ఇక అసలు సంగతి. చాలామంది "ఎంత తగ్గుతుంది, తొమ్మిది వందలా, దానికోసం ఇంత శ్రమా" అంటారు. లెక్క చూద్దాం. మీ ఊళ్లో బడి, సిటీ, కౌంటీ అన్ని రేట్లూ కలిపి 100 డాలర్లకు 2 డాలర్లు అనుకోండి. 48,000 తగ్గితే ఏడాదికి 960 డాలర్లు మిగులుతాయి. కానీ మీకు ఈ ఏడాది ప్రత్యేకం. హోమ్‌స్టెడ్ (సొంతంగా నివసించే ఇంటికి ఇచ్చే టాక్స్ రాయితీ) ఉన్న ఇంటికి టాక్స్ లెక్కలోకి తీసుకునే విలువను, కొత్తగా కట్టిన భాగాలు మినహా, ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ పెంచకూడదు. మీరు 2025లో కొన్నారు కాబట్టి ఆ పరిమితి మీకు 2027 నుంచి మొదలవుతుంది. అది దేని మీద లెక్కిస్తారు? 2026 విలువ మీద. 6,68,000 అలాగే వదిలేస్తే 2027లో వాళ్లు 7,34,800 దాకా వెళ్లవచ్చు. 6,20,000కు దింపితే 6,82,000 దగ్గర ఆగాలి. ఇళ్ల ధరలు పెరిగే రోజుల్లో ఆ తేడా ఏటా మీ వెంట వస్తుంది. కొత్త ఇల్లు కొన్నవాళ్లను మొదటి పూర్తి ఏడాది ప్రొటెస్ట్ వదులుకోవద్దని నేను పట్టుబట్టి చెప్పేది ఇందుకే.

హోమ్‌స్టెడ్ అర్జీ వేశారో లేదో మీరు రాయలేదు. వేయకపోతే ఈ పది శాతం రక్షణ లేదు. వేస్తే బడి టాక్స్ లెక్కలో ఇంటి విలువ నుంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు. 2025 నవంబర్ ఓటింగ్‌లో దీన్ని లక్ష నుంచి పెంచారు. బడి రేటు 100కి ఒక డాలరు అనుకున్నా ఏటా 1,400 డాలర్లు. దీనికి గ్రీన్‌కార్డు ఉండాలన్న షరతు చట్టంలో లేదు. కావలసింది అది మీరు నివసించే ఇల్లు కావడం, మీ టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సులో అదే అడ్రసు ఉండడం. లైసెన్సులో ఇంకా పాత అపార్ట్‌మెంట్ అడ్రసే ఉంటే ముందు అది మార్పించుకోండి. ఈ అర్జీకి గడువు ఏప్రిల్ 30, అది దాటినా ఫరవాలేదు, ఆలస్యంగా వేసే అవకాశం రెండేళ్లకు పైగా ఉంది. బిల్డర్ ఆ ఇంటికి హోమ్‌స్టెడ్ తీసుకుని ఉండడు కాబట్టి 2025లో మీరున్న నెలలకు కూడా అడగవచ్చు. డబ్బులిస్తే హోమ్‌స్టెడ్ వేసిపెడతామని ఉత్తరాలొస్తే పక్కన పడేయండి, ఇది పూర్తిగా ఉచితం.

ఇప్పుడు పక్క వీధి ఇల్లు. మీరు చూసిన 6,20,000 ఏ వరుసలోది? వెబ్‌సైట్‌లో ప్రతి ఇంటికీ రెండు అంకెలుంటాయి: ఒకటి మార్కెట్ విలువ, రెండోది పది శాతం పరిమితి పడ్డాక మిగిలిన విలువ. ఆ ఇంటివాళ్లు మీకంటే రెండేళ్ల ముందు కొనుంటే, 6,20,000 ఆ పరిమితి వల్ల తగ్గిన అంకె అయ్యుండవచ్చు. సమానత్వం మీద వాదించేటప్పుడు పోల్చవలసింది మార్కెట్ విలువలనే. పరిమితి పడిన అంకెను పట్టుకుని వెళితే మీ వాదన మొదటి నిమిషంలోనే పడిపోతుంది. ముందు అది చూడండి.

ఒక్క ఇల్లు చాలదు కూడా. ఇక్కడ చట్టం అడిగేది మధ్య విలువ. మీ ఇంటి లాంటివి తగినన్ని తీసుకుని, తేడాలు సరిచేసి, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా రాస్తే నడిమిది ఎంత వస్తుందో దానికంటే మీ విలువ ఎక్కువ ఉండకూడదు. మీ కాలనీలోనే, మీ బిల్డర్ కట్టిన, ఒకటి రెండేళ్ల తేడా ఉన్న ఇళ్లు ఏడెనిమిది తీసుకోండి. విస్తీర్ణం, స్థలం, స్విమ్మింగ్ పూల్, గ్యారేజీలో ఎన్ని కార్లు పడతాయి - ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఎక్కువ విలువ వేసిన ఇంటిని దాచిపెట్టకండి. వాళ్ల దగ్గరా అదే జాబితా ఉంటుంది, మీరు దాచారని తెలిస్తే మిగతా కాగితాలను కూడా నమ్మరు.

మీ దగ్గర ఇంకో మంచి సాక్ష్యం ఉంది: క్లోజింగ్ కాగితం, అంటే ఇల్లు కొన్నరోజు ఇచ్చిన లెక్కల పత్రం. టెక్సస్‌లో ఇల్లు ఎంతకు కొన్నామో అప్రైజల్ ఆఫీసుకు చెప్పాలన్న నిర్బంధం లేదు, అందుకే వాళ్ల అంచనా మీ ధరకు ఇంత దూరంగా ఉంది. కొన్నది వాళ్ల విలువ కంటే తక్కువకే కాబట్టి చూపించండి. బిల్డర్ వడ్డీ తగ్గించడానికో, క్లోజింగ్ ఖర్చులకో ఇచ్చిన సొమ్ము ఆ కాగితంలోనే ఉంటుంది. దాన్ని పసుపు రంగుతో గుర్తు పెట్టి, ఇది తీసేస్తే నిజంగా మాకు పడింది ఇంత అని చెప్పండి.

తరవాత, మీ ఇంటి రికార్డులో వాళ్లు గీసిన స్కెచ్ తెరిచి బిల్డర్ ఇచ్చిన ప్లాన్ పక్కన పెట్టుకోండి. ఒక దంపతుల కేసు నాకు బాగా గుర్తు. వాళ్ల హాలు పైకప్పు రెండంతస్తుల ఎత్తు, మేడ మీద రెయిలింగ్ దగ్గర నిలబడితే కింద సోఫా కనిపిస్తుంది. రికార్డులో ఆ ఖాళీని మేడ మీది గదిగా లెక్కేశారు. లేని గదికి వాళ్లు మూడేళ్లు టాక్స్ కట్టారు. నేను చేసిందల్లా రెయిలింగ్ దగ్గర నుంచి కిందికి తీసిన ఒక ఫొటో, ప్లాన్‌లో ఆ భాగం మీద ఒక ఎర్ర గీత. అధికారి రెండు నిమిషాల్లో ఒప్పుకున్నారు. వెనక ప్యాటియోను, గ్యారేజీని లోపలి విస్తీర్ణంలో కలిపేయడం కూడా చూశాను. డాలస్ చుట్టుపక్కల నేల బంకమట్టి, ఎండాకాలం కుంచించుకుని వానకు ఉబ్బుతుంది. పునాది కదిలి గోడలో పగులు వచ్చినా, తలుపు పట్టేసినా ఫొటోలు, రిపేరుకు ఎంతవుతుందో రాయించిన కాగితం జత చేయండి. కానీ అది జనవరి 1 నాటికే ఉన్న లోపం అయ్యుండాలి.

అర్జీ వేశాక సాధారణంగా ముందు ఆఫీసు అప్రైజర్‌తో మామూలు మాటలు జరుగుతాయి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఆయన ఒక అంకె చెబుతారు. నచ్చితేనే సంతకం పెట్టండి, ఎందుకంటే ఒప్పుకున్నాక ఈ ఏటికి కథ ముగిసినట్టే, బోర్డుకు గానీ పైకి గానీ వెళ్లలేరు. 6,50,000 అంటే సంతోషపడి ఒప్పుకోవద్దు, మీరు కొన్నదే 6,15,000.

తేలకపోతే రివ్యూ బోర్డు విచారణ. కనీసం 15 రోజుల ముందు తేదీ తెలియజేస్తారు. ఈలోగా ఒక పని తప్పకుండా చేయండి: వాళ్లు విచారణలో వాడబోయే సాక్ష్యాలన్నీ ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. విచారణకు 14 రోజుల ముందు మీకు అందజేయాలి. మీరు అడిగినా ఇవ్వనిదాన్ని ఆ రోజు వాడుకోవడానికి వీల్లేదు. ఆ రోజు ఆఫీసులో సెలవు దొరక్కపోతే, ఏజెంటును పెట్టుకోనివాళ్లకు కారణం చెప్పకుండా ఒకసారి వాయిదా అడిగే హక్కుంది. ఫోన్‌లోనో, వీడియోలోనో కూడా హాజరు కావచ్చు, దానికి ముందుగా అఫిడవిట్ ఇవ్వాలి. బోర్డులో సాధారణంగా ముగ్గురుంటారు. ప్రమాణం చేయిస్తారు. సమయం కొద్ది నిమిషాలే. "టాక్సులు మోయలేకపోతున్నాం" అన్న మాట అక్కడ పనికిరాదు, రేట్లు బోర్డు చేతిలో లేవు. వాటిని బడి, సిటీ, కౌంటీ వాళ్లు ఎండాకాలం చివర్లో విడిగా నిర్ణయిస్తారు. మీరు మాట్లాడవలసింది విలువ గురించి మాత్రమే. 6,68,000 సరైనదేనని సాక్ష్యంతో నిరూపించవలసిన బాధ్యత వాళ్లది. మీ ఇంగ్లీషు గురించి బెంగ పడకండి, కాగితం వరుసగా ఉంటే చాలు.

ఏజెంటు గురించి అడిగారు. మీకు ఆదా అయిన టాక్స్‌లో ఒక వంతు తీసుకునే కంపెనీలు చాలా ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు. కానీ మీ ఇంటి మేడ మీద ఖాళీ ఉందో గది ఉందో వాళ్లు వచ్చి చూడరు. ఇంత స్పష్టమైన కొనుగోలు ధర చేతిలో ఉన్నప్పుడు మొదటి ఏడాది మీరే చేసుకోమని నా సలహా. ఏజెంటు కాగితం మీద సంతకం పెట్టేస్తే నోటీసులు, బేరం అన్నీ వాళ్ల ద్వారానే నడుస్తాయి.

బోర్డు ఆర్డరు కూడా అన్యాయంగా ఉంటే, అది అందిన 60 రోజుల్లోపు ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు) గానీ, జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు. సొంత ఇంటికి ఆర్బిట్రేషన్ చాలు. హోమ్‌స్టెడ్ ఉండి విలువ 5 లక్షలు దాటిన ఇంటికి 500 డాలర్లు డిపాజిట్ కట్టాలి. తీర్పు మీరు చెప్పిన విలువకు దగ్గరగా వస్తే 50 పోను మిగతాది తిరిగి వస్తుంది. అప్పుడు కూడా టాక్స్ కట్టడం ఆపకూడదు. మీకు తగాదా లేని మేరకు జనవరి 31లోపు చేరాలి. ఎస్క్రో నుంచి బ్యాంకు కట్టిందో లేదో కౌంటీ వెబ్‌సైట్‌లో మీరే చూసుకుని, రసీదు దింపి పెట్టుకోండి.