అకాడమీ ప్రకటనతో ఒరిగేదేమిటి?

ప్రశ్న: కొవిడ్ కాలంలో వైద్యులు చికిత్స చేశారు, కంపెనీలు టీకాలు తయారుచేశాయి. సైన్స్ అకాడమీలు ప్రకటనలు ఇవ్వడం తప్ప ఏం చేశాయి? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఒక్కోసారి ప్రకటన ఇవ్వడమే అన్నిటికన్నా అవసరమైన పని. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్‌తో కలిసి రూపొందిస్తున్న కొవాగ్జిన్ టీకాను, పరీక్షలన్నీ పూర్తిచేసి ఆగస్టు 15 నాటికల్లా ప్రజలకు అందించాలని భావిస్తున్నట్టు 2020 జులై 2న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆసుపత్రులకు లేఖ రాసింది. హైదరాబాద్ నిమ్స్, మీ ఊరి కేజీహెచ్ కూడా వాటిలో ఉన్నాయి. అప్పటికి ఆ టీకాను మనుషులపై పరీక్షించడం మొదలే కాలేదు.

సి.వి. రామన్ 1934లో బెంగళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మూడు రోజుల్లోనే స్పందించింది. టీకా ప్రయత్నాన్ని స్వాగతిస్తూనే, ఆ గడువు సాధ్యం కాదని బహిరంగంగా చెప్పింది. అనుమతుల ఫైళ్లను ఎంత వేగంగానైనా కదిలించవచ్చు గాని, టీకా వేశాక శరీరంలో రోగనిరోధక స్పందన ఏర్పడటానికే కొన్ని వారాలు పడుతుంది. పైగా మొదట భద్రతను, తర్వాత వేర్వేరు మోతాదుల ప్రభావాన్ని, చివరకు వేలమందిలో టీకా ఇచ్చే రక్షణను వరుసగా పరిశీలించాలి. అనవసర జాప్యాన్ని తగ్గించడమే తమ ఉద్దేశమని ఐసీఎంఆర్ వివరణ ఇచ్చింది. అయినా గడువు ఎందుకు కుదరదో కారణాలతో సహా చెప్పగల స్వతంత్ర సంస్థ ఒకటి ఉండటం ఆ వారంలో దేశానికి ఎంతో మేలు చేసిందని నా నమ్మకం. 25,800 మంది వలంటీర్లతో తలపెట్టిన చివరిదైన మూడో దశ పరీక్ష నవంబరులో గాని మొదలుకాలేదు.

అకాడమీలకు వెలుపల కూడా, ఇండియన్ సైంటిస్ట్స్ రెస్పాన్స్ టు కొవిడ్-19 పేరిట వందలాది శాస్త్రవేత్తలు స్వచ్ఛందంగా చేరి, వదంతులను ఖండిస్తూ పలు భారతీయ భాషల్లో సమాచారం అందించారు. ఇక బ్రిటన్ సైన్స్ అకాడమీ అయిన రాయల్ సొసైటీ 2020 మార్చిలోనే, వ్యాధి వ్యాప్తిని లెక్కకట్టే నిపుణులకు తోడుగా ఇతర రంగాల గణిత నిపుణులు ముందుకు రావాలని పిలుపునిచ్చింది.

ప్రశ్న: ప్రభుత్వం వినకపోతే ఆ మాటకు విలువేముంది? – మరో పాఠకుడు, వరంగల్

జవాబు: అకాడమీకి ఆదేశించే అధికారం లేదు. మూడో దశ ఫలితాలు రాకముందే, 2021 జనవరి 3న కొవాగ్జిన్‌కు పరిమిత అత్యవసర అనుమతి లభించింది. ఆ టీకా లక్షణాలతో కూడిన వ్యాధిని 77.8 శాతం మేర నిరోధిస్తుందని తర్వాత తేలడం మనందరికీ సంతోషకరమే. కాని ఆ జనవరిలో టీకా కోసం చేయి చాచిన ఆరోగ్య కార్యకర్తకు, ఏ సమాచారం ఉందో, ఏది ఇంకా రావలసి ఉందో ముందే తెలుసుకునే హక్కు ఉంది. ఆ సంగతిని తెరిచి చెప్పే బాధ్యతను, ప్రభుత్వం విన్నా వినకపోయినా, అకాడమీలు వదులుకోకూడదు.