రోషం రావట్లేదని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, యూత్ మీటింగులో ఫీనెహాసు గురించి, అంటే తన సొంత జనం విడిదిలో (పాళెంలో) బాహాటంగా పాపం చేసినవాళ్లను ఈటెతో పొడిచిన పాత నిబంధన యాజకుడి గురించి విన్నానని, దేవుని ఘనత కోసం అలాంటి రోషం ఉండాలన్నారని రాశావు. ఎవరైనా క్రీస్తును ఎగతాళి చేసినా నీకు లోపల ఏమీ కదలట్లేదు, మరి దాన్ని ఎలా పెంచుకోవాలి అని నీ ప్రశ్న. నాది దానికి పూర్తిగా వ్యతిరేకమైన కథ. నాకు రోషం మస్తుగా ఉండేది.

పరకాల దగ్గరి ఒక ఊళ్లో మాకు వడ్ల కొనుగోలు వ్యాపారం. ఇరవై ఆరేళ్లప్పుడు నేను పగలంతా కాంటా దగ్గర, రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో ఉండేవాణ్ణి. ఎవరో యేసు మీద జోకు పెడితే ఒంటిగంట దాకా వాదన. ముందు వచనాలు, తర్వాత వాయిస్ మెసేజులు, చివరికి తిట్లు. ప్రభువు పక్షాన యుద్ధం గెలిచినట్టు పడుకునేవాణ్ణి.

ఒక యాసంగిలో మా ఊరి పెద్దాయన వడ్లు తెచ్చాడు. తేమ ఎంతుందో చూడకుండానే, ఎప్పటిలాగే తేమ పేరుతో బస్తాకు రెండు కిలోలు తరుగు (తూకంలో కోత) రాశాను. ఆయన చీటీ చూసి నెమ్మదిగా అన్నాడు: "ఏం బిడ్డా, మొన్న ఆదివారం చర్చిల మైకుల నీ పాటే ఇన్న. గిప్పుడు రెండు కిలోలు కోస్తున్నవ్. మీ దేవుడు గిదే జెప్పిండా?"

హమాలీలు నవ్వారు. నాకు ముందు వచ్చింది కోపమే, అబద్ధం చెప్పను. ఆ రాత్రి కూడా ఫోన్ తీశాను గానీ ఎవరితోనూ వాదించలేకపోయాను. రోమా పత్రిక రెండో అధ్యాయంలో పౌలు అంటాడు, మిమ్మల్ని బట్టే కదా దేవుని నామం అన్యజనుల మధ్య దూషింపబడుతున్నది అని. ఆ మాట మీద నేనొకసారి ప్రసంగం కూడా చేశాను! మా ఊళ్లో ఆ నామానికి మచ్చ తెచ్చింది జోకులు పెట్టినవాళ్లు కాదు, నా తరుగు చీటీ.

తర్వాత ఫీనెహాసును మళ్లీ చదివాను. సంఖ్యాకాండము 25లో మన తెలుగు బైబిలు వాడిన మాట చూడు, దేవుడు ఓర్వలేనిదాన్ని తాను ఓర్వలేకపోయాడట. మన ఇళ్లల్లో ఓర్వలేనితనం అంటే పక్కవాడి మీద అసూయ. హీబ్రూలో కూడా అసూయకూ ఈ రోషానికీ ఒకే మాట వాడతారు. అందుకే ఒకటి ఇంకొకటిగా మారడం చాలా తేలిక, మారినట్టు మనకు తెలియదు కూడా. ఇశ్రాయేలు రాజు యెహూ కూడా యెహోవా కోసం తనకున్న ఆసక్తిని వచ్చి చూడమని పిలిచాడు. కానీ అదే అధ్యాయం చివర అతను పూర్ణహృదయంతో నడవలేదని రాసి ఉంది. ఫీనెహాసు ఈటె పట్టింది కూడా తన పాళెంలోనే. ఇప్పుడు ఈటె పట్టుకొమ్మని మనకెవరూ చెప్పలేదు, పేతురు కత్తి తీస్తే ప్రభువు ఒరలో పెట్టమన్నాడు.

యేసు దేవాలయంలో బల్లలు పడదోసినప్పుడు శిష్యులకు గుర్తొచ్చింది కీర్తన 69లోని మాట, "నీ ఇంటిని గూర్చిన ఆసక్తి నన్ను భక్షించును" అని. ఆయన వెళ్లగొట్టింది గుళ్లో వ్యాపారం చేసుకునేవాళ్లను. తన ముఖం మీద ఉమ్మినప్పుడు మాత్రం ఆయన చేతిలో కొరడా లేదు. నేనైతే దీనికి సరిగ్గా తిరగేసి బతికాను. నన్నంటే మండేది, తండ్రి ఇంట్లో నా బల్ల మాత్రం భద్రంగా ఉండేది. (సంఘ వార్షికోత్సవం ఫ్లెక్సీలో క్రీస్తు పేరు కంటే మన ఫొటోలు పెద్దగా ఉన్నా మనకేమీ అనిపించదు. అది వేరే పంచాయితీ, వదిలేద్దాం.)

మరి ఎలా పెంచుకోవాలి? నేను చేసింది చెబుతాను. తేమ మీటర్ కొన్నాను. 17 శాతం లోపుంటే తరుగు లేదు, రీడింగ్ రైతు ముందే. ఆ సీజన్‌లో లాభం బాగా తగ్గింది, నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. పరలోక ప్రార్థనలో "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" దగ్గర ఆగి, ఈ రోజు నా వల్ల ఆ పేరు ఎక్కడ పాడైందో తలుచుకోవడం మొదలుపెట్టాను. కొన్ని రోజులు ఏమీ అనిపించదు. కొన్ని రోజులు ఏడుపొస్తుంది. నీకు రావట్లేదన్న రోషం నాకు ఆ ఏడుపు దారిలోనే వచ్చింది, కోపం దారిలో కాదు.

వీలైతే కాజీపేటలో రైలెక్కి ఒకసారి డోర్నకల్ వెళ్లు. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య గారు సేవ చేసిన ఊరది. బాప్తిస్మం పొందినవాళ్లు తమ చెయ్యి తమ తల మీదే పెట్టుకొని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికేలా ఆయన చేయించేవారు. ఎదుటివాడి వైపు వేలు చూపడం కాదు, సొంత తల మీద చెయ్యి. మొదట్లో నువ్వూ అక్కడిదాకా చాలు, మంట రాలేదని టెన్షన్ పడకు.

మా పెద్దాయన మళ్లీ నా కాంటాకు రాలేదు. తరుగు మానేశామని కబురు పంపినా వేరేచోటే అమ్ముకుంటున్నాడు. బస్టాండు దగ్గర కనిపిస్తే నమస్తే పెద్దయ్యా అంటాను. తలూపి వెళ్లిపోతాడు.