అమ్మాయి ఆర్ట్ టీచర్ అవుతానంటోంది... ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచీ అట్టలతో, మట్టితో ఏవో చేస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చదివి హైస్కూల్లో ఆర్ట్, త్రీడీ డిజైన్ చెప్పే టీచర్ అవుతానని పట్టు పట్టింది. బొమ్మలు కూడు పెడతాయా అని మా టెన్షన్. కనీసం బీడిజైన్ అయినా చెయ్యమంటున్నాం. బీఎఫ్‌ఏ, బీడిజైన్, బీఆర్క్‌లలో ఏది మంచిదో పోల్చి చెప్పండి. తనకు కూడా కాస్త నచ్చజెప్పండి.
- ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: పోల్చి చెబుతాను. నచ్చజెప్పే పని మాత్రం నేను చెయ్యను. మీ ఉత్తరం చదివితే, నచ్చజెప్పాల్సింది అమ్మాయికి కాదనిపిస్తోంది.

ఎప్‌సెట్ దగ్గరపడే కొద్దీ ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. అందరూ డబ్బు గురించే అడుగుతారు. కానీ కాసేపు మాట్లాడితే అసలు బాధ వేరే ఉంటుంది. బంధువుల పెళ్లిలో ఎవరో 'అమ్మాయి ఏం చేస్తోంది?' అని అడిగితే 'డ్రాయింగ్ టీచర్' అని చెప్పడానికి నోరు రాదేమోనని. 'కనీసం బీడిజైన్ అయినా' అని మీరు రాశారు చూడండి, ఆ 'కనీసం'లో ఉన్నది అదే. బీడిజైన్‌లో ఏం నేర్పుతారో మీరు కనుక్కున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. చెప్పుకోవడానికి బాగుంటుందని ఎంచుకున్నారు. ఆ ఒక్క కారణంతో పిల్ల నాలుగేళ్ల చదువును నిర్ణయించడం తప్పండీ.

బీఆర్క్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. అది అయిదేళ్ల కోర్సు, భవనాలు కట్టాలన్న కోరిక ఉన్నవాళ్లకు. మీ అమ్మాయి ఆ మాటే అనలేదు కాబట్టి పక్కన పెట్టండి.

బీడిజైన్ మీద నాకున్న అనుమానాలు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు నగరంలో ప్రతి ఇంట్లోనూ ఈ పేరే వినిపిస్తోంది. మంచి సంస్థలు మంచివే. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లో సీటు వచ్చినా, యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి మన కంది దగ్గరున్న ఐఐటీ హైదరాబాద్‌లో సీటు వచ్చినా కళ్లకద్దుకుని చేర్చండి. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో సిరామిక్ అండ్ గ్లాస్ డిజైన్ ఉంది. మట్టితో పనిచేసే పిల్లకు అంతకన్నా ఏం కావాలి! కానీ ఆ సీట్లు చాలా తక్కువ. అవి రాకపోతే ఏం జరుగుతుందో నాకు తెలుసు. 'ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా' అని ఏదో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో లక్షలు పోసి చేర్పిస్తారు. బ్రోచర్‌లో ప్రొడక్ట్ డిజైన్ అని ఉంటుంది. లోపలికి వెళ్తే వర్క్‌షాప్‌లో నాలుగు మెషీన్లు, వాటికి తాళం. మూడో ఏడాదికల్లా క్లాసులో సగం మంది యాప్‌ల స్క్రీన్లు గీసే పనిలో ఉంటారు, ఉద్యోగాలు అందులోనే ఉన్నాయి కాబట్టి. అది చెడ్డ పని అనడం లేదు. ఇష్టపడి చేసేవాళ్లకు బాగానే ఉంటుంది. కానీ చేతికి మట్టి అంటితే తప్ప తోచని పిల్లను తీసుకెళ్లి నాలుగేళ్లు మానిటర్ ముందు కూర్చోబెట్టడానికి అంత అప్పు ఎందుకు చెయ్యాలి? చేర్చే ముందు అమ్మాయిని తీసుకుని ఆ కాలేజీ వర్క్‌షాప్‌కి వెళ్లండి. పనిదినం నాడు వెళ్లండి. నేల మీద చెక్కపొట్టు, మట్టి కనిపిస్తే మంచి గుర్తు. అద్దంలా మెరుస్తుంటే ఆలోచించండి.

ఇంకో మాట. సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ మోడల్ చెయ్యడం వేరు, చేతిలో వస్తువు నిలబడేలా చెయ్యడం వేరు. మొదటిది ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. రెండోది ఈ వయసులో చేతికి పట్టుబడితేనే బాగా నిలుస్తుంది.

ఇక మీ అమ్మాయి అడిగింది. ఆ పని ఎలా ఉంటుందో మీకు తెలియదనుకుంటాను. ఖాళీ పీరియడ్‌లో ఆపిల్ బొమ్మ గీయించడమనే మీ మనసులో ఉండి ఉంటుంది. ఈ మధ్య నగరంలోనే ఒక స్కూల్లో తొమ్మిదో తరగతి క్లాసు వెనక కూర్చుని చూశాను. తలా ఒక ప్యాకింగ్ అట్ట ఇచ్చారు. జిగురు వాడకూడదు, టేపు వాడకూడదు. పుస్తకాల సంచి బరువు మోసే స్టూలు చెయ్యాలి. ఒక అబ్బాయి కాళ్లన్నీ చక్కగా కోసి గాడిలో గాడి పెట్టి నిలబెట్టాడు. సంచి పెట్టగానే కాళ్లు మడత పడిపోయాయి. టీచర్ దాన్ని సరిచెయ్యలేదు. చిన్న అట్టముక్క ఇచ్చి, ఇటొకసారి, అటొకసారి మడవమన్నారు. ఒకవైపు ఇట్టే మడత పడింది, రెండోవైపు మొరాయించింది. వాడు ముక్క అంచు చూశాడు, లోపలి గొట్టాలు ఎటు నిలువుగా ఉన్నాయో చూశాడు, ఇంకేం అడగకుండా కాళ్లు మళ్లీ కోసుకున్నాడు. ఎంపీసీ పుస్తకంలో బలాల గురించి చదివేది వాడు వేళ్లతో నేర్చుకున్నాడు. పీరియడ్ 40 నిమిషాలు, చివరి 10 నిమిషాలు ఊడ్చి, కట్టర్లు లెక్కపెట్టి డబ్బాలో పెట్టడానికే. కట్టర్ ఒక్కటి తగ్గినా ఎవరూ బయటికి వెళ్లకూడదు. అన్ని కట్టర్లు, అంతమంది పిల్లలు, ఒక్క వేలికి కూడా గాటు పడలేదు. ఇది తేలిక పనేనా, మీరే చెప్పండి.

మట్టి పని ఇంకా కష్టం. మట్టిని బాగా పిసికి గాలి తీసెయ్యాలి. బొమ్మ మందంగా ఉంటే పూర్తిగా ఆరకముందే లోపల తొలిచెయ్యాలి. లేదంటే మందంలో మిగిలిపోయిన తడి కొలిమిలో ఆవిరై బొమ్మ పగిలిపోతుంది, పక్క పిల్లల బొమ్మలు కూడా పోతాయి. మన ఎండాకాలంలో పైన తడిగుడ్డ కప్పకపోతే సాయంత్రానికే బీటలు. ఇవన్నీ తెలిసిన టీచర్లు దొరక్క స్కూళ్లు వెతుక్కుంటున్నాయి. పదో తరగతి స్థాయి పరీక్ష అయిన కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ ఆర్ట్ అండ్ డిజైన్‌లో పెయింటింగ్, ప్రింట్‌మేకింగ్‌లతో పాటు త్రీ డైమెన్షనల్ డిజైన్ కూడా ఒక విభాగం. అక్కడ ఒక పేపర్‌కి ముందుగా ఇచ్చిన అంశం మీద స్కెచ్‌లు, నమూనాలు తయారు చేసుకుని, చివరి వస్తువును 8 గంటల్లో పూర్తి చెయ్యాలి. గచ్చిబౌలి, కోకాపేట వైపు ఇంటర్నేషనల్ స్కూళ్లలో ఇది పిల్లలు మార్కుల కోసం రాసే సబ్జెక్టు. సీబీఎస్‌ఈలో కూడా 11, 12 తరగతులకు స్కల్ప్‌చర్ (శిల్పకళ) ఉంది, కాకపోతే తీసుకునే స్కూళ్లు తక్కువ.

చదువు దగ్గరే ఉంది. మాసాబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ, అందులో స్కల్ప్‌చర్ ఉంది. ప్రవేశానికి ఫాడీ అనే పరీక్ష రాయాలి. ఎంపీసీ అడ్డం కాదు. తర్వాత ఎంఎఫ్‌ఏ అంటే గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉండనే ఉంది. ఆర్ట్ బోధన మీదే చదవాలంటే ఢిల్లీ జామియాలో ఆర్ట్ ఎడ్యుకేషన్ విభాగం ఉంది. టీసీసీ (టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు) డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు, వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ కూడా పూర్తి చేసి పెట్టుకోమనండి. ఖర్చు తక్కువ, రేపు నోటిఫికేషన్ వస్తే సర్టిఫికెట్ లేదని ఆగిపోకూడదు.

మీరు భయపడే విషయంలో కొంత నిజం ఉంది, దాచను. ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ పెట్టుకుని ఈ దారిలోకి రావద్దు. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు వస్తే అందులో డ్రాయింగ్ టీచర్ కేటగిరీయే లేదు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటిన స్కూళ్లకు ఆర్ట్ టీచర్ ఉండాలంది, కానీ పార్ట్‌టైమ్ అని రాసింది. 2023 గురుకుల నోటిఫికేషన్లలో ఆర్ట్, క్రాఫ్ట్ టీచర్ పోస్టులు వచ్చాయి, కేంద్రీయ, నవోదయ విద్యాలయాల్లోనూ ఉంటాయి. కానీ ఏటా రావు. చిన్న ప్రైవేటు స్కూళ్లలో జీతం చాలదు, పైగా యాన్యువల్ డే స్టేజీ, నోటీసు బోర్డులు, సైన్స్ ఎగ్జిబిషన్ మోడళ్లు అన్నీ ఆర్ట్ టీచర్ నెత్తినే వేస్తారు. పరీక్షలొస్తే ఆమె పీరియడ్ మ్యాథ్స్ సార్‌కి వెళ్లిపోతుంది. అందుకే ఇంటర్వ్యూలో జీతంతో పాటు ఇంకొన్ని అడగాలి: విడిగా గది ఉందా, సరుకులకు ఏడాదికి ఎంత ఇస్తారు, పిల్లలు చేసినవి వారం పాటు పెట్టుకోవడానికి అరలున్నాయా. అరలు లేని స్కూల్లో త్రీడీ డిజైన్ చెప్పడం కుదరదు.

అయినా కంగారు పడకండి. బీఎఫ్‌ఏ స్కల్ప్‌చర్ చదివిన పిల్ల స్కూలు దొరికే వరకు ఖాళీగా కూర్చోదు. సెట్లు, మ్యూజియం మోడళ్లు, ఎగ్జిబిషన్ పనులు, వేసవి వర్క్‌షాప్‌లు... చేతిలో పని ఉన్నవాళ్లకు ఈ నగరంలో పని దొరుకుతుంది. టీచర్ పనిని తక్కువగా చూస్తున్నారు కాబట్టి ఇంకొకటి: ప్రసిద్ధ చిత్రకారుడు కాపు రాజయ్య గారు సిద్దిపేటలో డ్రాయింగ్ టీచర్‌గానే ఉద్యోగం చేశారు. ఆయన పేరు చెప్పుకోవడానికి తెలంగాణలో ఎవరికీ నోరు రాకపోవడమన్నది లేదు.

అమ్మాయిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, మీరు అడగలేదు. వస్తువులు చెయ్యడం తనకిష్టం, సరే. ఇంకొకరు వంకరగా చేస్తుంటే చెయ్యి పెట్టకుండా చూస్తూ నిలబడగలదా? చాలామంది మంచి కళాకారులు ఇక్కడే ఓడిపోతారు. పిల్ల చేతిలోంచి లాక్కుని తామే చేసేస్తారు. ఇది మాటల్లో తేలదు. పరీక్షలయ్యాక మీ కాలనీ పిల్లలను ఓ పదిమందిని పోగు చేసి, మీ డాబా మీద రెండు వారాలు క్లాసు పెట్టుకోనివ్వండి. అట్టలు, మట్టి మీరే కొనిపెట్టండి. రెండో వారానికి పిల్లలు తగ్గారా పెరిగారా చూడండి. సాయంత్రం తను తన బొమ్మల గురించి మాట్లాడుతోందా, ఆ పిల్లల గురించి మాట్లాడుతోందా గమనించండి. తన బొమ్మల గురించే అయితే స్కల్ప్‌చర్ చదవనివ్వండి, టీచర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఈలోగా చేసిన ప్రతి వస్తువునూ ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఫొటో తీసి పెట్టుకోమనండి. మధ్యలో విరిగినవి కూడా తియ్యాలి, ఎలా సరిచేసిందో రెండు వాక్యాలు రాసి. కాలేజీకైనా, స్కూలు ఇంటర్వ్యూకైనా అదే అడుగుతారు. ఫాడీ నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు ఫీజు మీరే కట్టండి.