ఫోటో సందేహాలు: పాత పడవల రంగు ఫోన్‌లో ఎందుకు రాదు?

ప్రశ్న: మాది టెక్కలి సార్. భావనపాడులో పాత పడవలు భలే ఉంటాయని మొన్న ఆదివారం వెళ్లి దాదాపు 200 ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. కంటికి కనబడిన రంగు ఒక్కదాంట్లోనూ లేదు, దగ్గరగా తీసినవి ఏంటో అర్థమే కావట్లేదు. దీనికి విశాఖ హార్బర్‌కే వెళ్లాలా?

జవాబు: అక్కర్లేదు. అక్కడ పడవలు నీళ్లలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మన ఒడ్డున ఇసుక మీదకి లాగేస్తారు కాబట్టి చుట్టూ తిరిగి అడుగు దాకా చూడొచ్చు, అసలు అరుగుదలంతా ఆ అడుగునే ఉంటుంది.

ఎన్నింటికి వెళ్లారో రాయలేదు గానీ, ఆదివారం కదా, పదకొండు దాటే ఉంటుందని నా అనుమానం. నడినెత్తి ఎండలో రంగు చచ్చిపోతుంది. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు, అందుకని పొద్దున్నే ఊరివైపు నిలబడి సముద్రం కేసి తీస్తే పడవ నల్లటి బొమ్మలా వస్తుంది. అదీ బాగుంటుంది, కానీ మీకు కావాల్సింది రంగు. కాబట్టి పొద్దున్న నీళ్ల అంచుకి వెళ్లి ఊరివైపు తిరిగి తీయండి, సాయంత్రం ఊరివైపు నుంచి సముద్రం వైపు తీయండి. నీళ్ల అంచున ఉన్నప్పుడు వెనకొచ్చే అలని ఓ కంట కనిపెట్టండి, నేనోసారి మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతో బస్సులో నిలబడే ఇంటికొచ్చాను.

పెచ్చులూడిన రంగు గరుగ్గా కనబడాలంటే ఎండ పక్క నుంచి ఏటవాలుగా పడాలి. అప్పుడు ఒక్కో పెచ్చుకీ చిన్న నీడ వస్తుంది. మబ్బు రోజున ఆ గరుకు తగ్గుతుంది గానీ నీలం, పసుపు, ఎరుపు చక్కగా పడతాయి. వాన వెలిసాక తడి చెక్క రంగు ఇంకా చిక్కగా ఉంటుంది.

అన్నీ ఒకేలా ఉండటానికి మాత్రం కారణం ఎండ కాదు. ఆ 200 ఎన్ని పడవలకి తీశారు? ఈసారి ఒక్క పడవ దగ్గర అరగంట కూర్చోండి. అడుగున రంగు గీసుకుపోయిందంటే ఏళ్లతరబడి ఇసుక మీద లాగారన్నమాట. అంచు ఒకచోట నున్నగా గాడి పడి ఉంటే అక్కడ తాడు రాసుకుంటోంది. మేకుల కింద ఎర్రటి చారలు ఉప్పునీటికి కారిన తుప్పు. నీలం కింద ఆకుపచ్చ, దాని కింద ఎరుపు తొంగిచూస్తే అవి ఒక్కోసారి వేసిన పూతలు. ఇదంతా ఎందుకంటే, తుప్పు చారని మేకుతో కలిపి తీస్తే చూసేవాడికి సంగతి తెలుస్తుంది, మేకు లేకుండా తీస్తే అదొక ఎర్ర మరక. మీరు దగ్గరగా తీసిన ఫోటోలు అర్థం కాకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

ఫోన్ మరీ దగ్గర పెడితే పడవ ముక్కు సాగిపోయి కనబడుతుంది, నాలుగడుగులు వెనక్కొచ్చి 2ఎక్స్ జూమ్ పెట్టండి. ఫోన్ తెర మీద పడవ తెల్లగా కనబడే చోట వేలితో నొక్కి వెలుతురు కాస్త కిందకి లాగండి. ఇంటికొచ్చాక రంగులు పెంచేయకండి, వెలిసిపోయిన నీలం వెలిసినట్టే ఉండాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేటకి నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి, మరమ్మతులూ కొత్త పెయింటింగూ అప్పుడే చేసుకుంటారు. సగం పాత రంగు, సగం కొత్త రంగుతో ఉన్న పడవ దొరికితే వదలొద్దు. కాకపోతే వాళ్లకవి వేట లేని రోజులు, అది గుర్తుపెట్టుకుని మాట్లాడండి.

ప్రశ్న: చింతపల్లి బీచ్‌లో అడక్కుండా వలలూ పడవలూ తీస్తే తప్పా? అడిగితే అందరూ వరసగా నిలబడి పోజులిస్తున్నారు. (పూసపాటిరేగ)

జవాబు: అడగండి. ఆ పోజు కూడా తీయండి, వాళ్లకి చూపించండి, వాట్సాప్‌లో పంపుతానంటే నిజంగా పంపండి. తర్వాత ఎవరి పని వాళ్లు చేసుకుంటారు, అప్పుడు తీసుకోండి మీకు కావాల్సినవి. కొత్త పడవ పక్కనే ఉండగా ఈ పాతదాన్ని ఏటి తీస్తన్నావు బాబూ అని నన్నయితే చాలాసార్లు అడిగారు, ఆ ప్రశ్నకి జవాబు చెప్తూ చెప్తూనే సగం పరిచయాలు అయ్యాయి. పడవ లాగుతుంటే ఫోన్ జేబులో పెట్టి మీరూ ఓ చెయ్యి వేయండి. పరిచిన వలని తొక్కొద్దు, చెప్పులతో పడవెక్కొద్దు. ముక్కుకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన చోట ఫోటో తీసుకోవచ్చు గానీ చెయ్యి పెట్టకండి. చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్లని దూరం నుంచి జూమ్ చేసి తీయడం మాత్రం నాకస్సలు నచ్చదు.

దుంగలు కట్టిన తెప్ప కనబడితే కట్టు దగ్గరికెళ్లి తాడుని తీయండి. ఫైబర్ బోట్లు వచ్చాక అవి తగ్గిపోయాయి.

ప్రశ్న: ఉప్పుగాలికి ఫోన్ కెమెరా పాడవుతుందా? (కళింగపట్నం)

జవాబు: ఉప్పుగాలి సంగతి మీ ఇంటి గేటుని అడిగితే నాకన్నా బాగా చెప్తుంది. లెన్స్ మీద సన్నటి పొర పడి ఫోటోలు మంచులో తీసినట్టు వస్తాయి. చొక్కా అంచుతో రుద్దకండి, ఇసుక రేణువుంటే గీత పడుతుంది. ముందు ఊది, కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఇంకోసారి తుడవండి. ఛార్జింగ్ రంధ్రంలో తడి ఆరాకే వైరు పెట్టండి.