టీసీ కావాలని మీరు రాసివ్వకండి

మూడో తరగతి చదివే మీ బాబుకు వినికిడి లోపం ఉందని, "ప్రత్యేక పాఠశాలలో చేర్పించండి, టీసీ ఇచ్చేస్తాం" అని కరస్పాండెంట్ ఒత్తిడి చేస్తున్నారని రాశారు. మాది ఆదోని. మా అమ్మాయి పుట్టినప్పటి నుంచి రెండు చెవులకూ వినికిడి తక్కువ. యంత్రాలు పెట్టుకుని మామూలు బడిలోనే పదో తరగతి పూర్తి చేసింది. ఆ అనుభవంతోనే చెబుతున్నాను, టీసీ కోసం మీ చేత్తో అర్జీ రాసివ్వకండి.

పిల్లవాణ్ణి పంపించేస్తున్నామని బడివాళ్లు ఎక్కడా రాయరు. "సొంత కారణాల వల్ల వేరే బడికి మార్చుకుంటున్నాం" అని మనచేతే రాయిస్తారు. ఆ సంతకంతో వాళ్లు చేసిన అన్యాయం మన ఇష్టంగా మారిపోతుంది. మా ముందూ తెల్లకాగితం పెట్టారు. "ఎందుకు వద్దంటున్నారో ముందు మీరు రాసివ్వండి" అన్నారు మా ఆయన. వాళ్లు రాయలేదు. రాస్తే ఇరుక్కునేది వాళ్లే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి ముగిసేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి తీసేయకూడదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోనూ 16వ సెక్షనే చూపించండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలని, బిడ్డ అవసరానికి తగిన ఏర్పాట్లు చేయాలని అందులో ఉంది. ప్రైవేటు బడి అయినంత మాత్రాన తప్పించుకోలేరు. అదే చట్టం 31వ సెక్షన్ ప్రకారం, 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడిలో గానీ ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదివే హక్కు ఉంది. ఏ బడి అన్నది ఎంచుకోవలసింది మనమే.

అయితే బడిలో ఉండనిచ్చినంత మాత్రాన వివక్ష పోదు. మా అమ్మాయిని చివరి బెంచీలో, సరిగ్గా ఫ్యాను కింద కూర్చోబెట్టేవారు. వినికిడి యంత్రం ఫ్యాను హోరునూ పెంచి వినిపిస్తుందని చాలామందికి తెలియదు. టీచరు బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదవులు కనపడవు. వరుసల మధ్య నడుస్తూ డిక్టేషన్ చెబితే సగం మాటలు జారిపోతాయి. ఆ తప్పులు లెక్కపెట్టి "చదువులో వెనకబడింది" అని రాసేవారు! బిడ్డ తెలివికి, ఆ మార్కులకు సంబంధమే లేదు. ముందు వరుసలో, ఫ్యానుకు దూరంగా కూర్చోబెట్టి, టీచరు పిల్లల వైపు తిరిగి చెబితే చాలు. వీటికి రూపాయి ఖర్చు లేదు. మీరు అడగవలసినవి కూడా ఇవే, ఒక్కొక్కటీ పేరుపెట్టి, రాతపూర్వకంగా.

అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద బడి ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో పంపండి. జవాబు రాకపోతే ఆ రసీదుతో మండల విద్యాధికారి దగ్గరకు, అక్కడా కదలకపోతే జిల్లా విద్యాధికారి దగ్గరకు వెళ్లండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడా ఇవ్వవచ్చు. వైకల్యం ఎంత శాతమో చూపే సదరం సర్టిఫికెట్ లేకపోతే గ్రామ లేదా వార్డు సచివాలయంలో స్లాట్ అడిగి వెంటనే తెచ్చుకోండి, ప్రతి చోటా ముందు అదే అడుగుతారు. ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికీ వెళ్లండి. అక్కడి ఉపాధ్యాయులకు ఇలాంటి పిల్లలకు బోధించడంలో శిక్షణ ఉంటుంది. బడివాళ్లు మన మాట కంటే వాళ్ల మాటకు ఎక్కువ విలువిస్తారు.

తోటి పిల్లలు "చెవిటోడా" అంటున్నారని కూడా రాశారు. చదువుతుంటేనే మనసు కలుక్కుమంది. దాన్ని పిల్లల అల్లరిగా వదిలేయవద్దు. బాబును ఏ పేరుతో పిలవాలో తరగతిలో అందరి ముందూ చెప్పమని క్లాసు టీచరును కోరండి. టీచరే ఆ మాట అంటే తేదీతో సహా రాసిపెట్టుకోండి. బిడ్డను మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధిస్తుంది. అప్పుడు మీ అర్జీలో ఆ సెక్షన్‌నూ చేర్చండి.